దంత వైద్యుని సిద్ధపాటు: ప్రత్యేక అవసరములు గల రోగుల సేవ
(ప్రసంగ పాఠము)



మన డయాసిస్ నూరేండ్ల పండుగలో వైద్య సేవను గురించి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. మన ఆసుపత్రుల చరిత్ర చెప్పుటకు నాకంటె తగిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. నేను పళ్ళ డాక్టరును. కొంతకాలము విద్యార్థులకు పాఠములు చెప్పినవాడను. గనుక నాకు తెలిసిన ఒక్క విషయమునే మీ ముందు ఉంచుతాను. పన్ను నొప్పి చిన్న సంగతి అని మనము అనుకుంటాము. కాని నొప్పి ఎక్కడో చెప్పలేని బిడ్డ ఉన్న ఇంటిలో అది చిన్న సంగతి కాదు. ఆ బిడ్డను తీసుకొని తల్లి దంత వైద్యుని తలుపు తట్టినప్పుడు ఆ వైద్యుడు సిద్ధముగా ఉన్నాడా? లేనియెడల అతనిని ఎవరు సిద్ధపరచవలెను? నా ప్రసంగమంతా ఈ రెండు ప్రశ్నలే.

ఎవరు ఈ రోగులు?

ప్రత్యేక అవసరములు గల రోగులు అనగానే చక్రాల కుర్చీలో ఉన్నవారే మనకు గుర్తుకు వస్తారు. నిజానికి ఆ వరుస చాలా పెద్దది. బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లలు, డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారు, ఆటిజమ్ ఉన్నవారు, సెరిబ్రల్ పాల్సీ వలన చేతులు కాళ్ళు స్వాధీనములో లేనివారు, మూర్ఛ రోగులు, చూపు లేనివారు, వినికిడి లేనివారు అందరూ అందులో ఉన్నారు. గుండె కవాటము మార్పించుకొన్నవారు, రక్తము గడ్డకట్టని హీమోఫిలియా రోగులు, క్యాన్సరుకు మెడమీద రేడియేషన్ తీసుకొన్నవారు, పక్షవాతము వచ్చి మంచము పట్టిన తాతగారు, మతిమరుపు ముదిరిన అమ్మమ్మ కూడా ఆ వరుసలోనివారే. అనగా మనలో ఎవరైనను ఏదో ఒక దినమున ఆ వరుసలో నిలువవచ్చును.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో అంగవైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 22 లక్షల 66 వేలు. ఆనాడు అమలులో ఉన్న 1995 చట్టము 7 రకముల వైకల్యములను మాత్రమే గుర్తించినది. 2016లో వచ్చిన చట్టము 21 పరిస్థితులను గుర్తించినది. ఆటిజమ్, హీమోఫిలియా, తలసీమియా, మన మన్యపు బిడ్డలలో కనిపించే సికిల్ సెల్ రోగము ఇప్పుడు ఆ పట్టికలో ఉన్నవి.

వీరికి నోటి బాధ ఎందుకు ఎక్కువ?

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి చిగుళ్ళ వ్యాధి చిన్న వయస్సులోనే వచ్చి వేగముగా ముదురుతుంది. పన్ను పుచ్చకుండగనే కదిలి ఊడిపోతుంది. వారిలో సుమారు సగము మందికి పుట్టుకతోనే గుండెలో లోపము ఉంటుంది గనుక నోటిలోని క్రిములు రక్తములో చేరుట అందరికంటె వారికి ఎక్కువ ప్రమాదము. మూర్ఛకు ఫెనిటోయిన్ మాత్రలు వాడేవారిలో సుమారు సగము మందికి చిగుళ్ళు పెరిగి పళ్ళను కప్పివేస్తవి. ఆ మందు 1938లో వాడుకలోనికి వచ్చినది. మరుసటి సంవత్సరమే ఈ చిగుళ్ళ సంగతి వైద్య పత్రికలకు ఎక్కినది. అయినను ఆ మాత్ర వాడుచున్న పిల్లవాని తల్లికి, పళ్ళు శుభ్రముగా ఉంచితే ఆ వాపు తగ్గుతుందని చెప్పేవారు ఈనాటికీ తక్కువే.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు మింగుట కష్టము. అన్నము బుగ్గలో నిలిచిపోతుంది. బ్రష్ నోటిలో పెట్టగానే దవడ బిగిసిపోతుంది. ఆ బిడ్డ కావాలని కరచుట లేదు, అది నరముల పని. ఏండ్ల తరబడి తాగించే తియ్యని సిరప్ మందులు, బిడ్డ ఏడ్పు మాన్పుటకు ఇచ్చే బిస్కట్లు, చాక్లెట్లు పళ్ళకు చేటు చేస్తవి.

వీటన్నిటికంటె కష్టమైనది మరియొకటి ఉన్నది. నొప్పి అని నోటితో చెప్పలేనివాడు దానిని వేరు విధముగా చెబుతాడు. అన్నము మానివేస్తాడు. రాత్రి నిద్రపోడు. చెంప మీద కొట్టుకొంటాడు. చేయి కొరుకుకొంటాడు. ఇంటివారు మొండితనమంటారు. ఇరుగుపొరుగువారు పిచ్చి ముదిరిందంటారు. అందరూ చూడవలసినది చూడరు, అనగా దవడలోని చీముగడ్డను చూడరు. పుచ్చిన పన్ను నుండి చీము మెడలోనికి, గొంతులోనికి దిగితే ఊపిరి ఆడక ప్రాణమే పోవచ్చును. కావున ఇది అందము సంగతి కాదు, ప్రాణము సంగతి.

ఎందుకు పంపివేస్తారు?

నాకు తెలిసిన ఒక తల్లి తన పదకొండేండ్ల కుమారుని తీసుకొని మూడు క్లినిక్కులు తిరిగినది. బాబుకు ఆటిజమ్. మొదటి చోట, "వాడు కుర్చీలో కూర్చోడమ్మా, ఇక్కడ కాదు" అన్నారు. రెండవ చోట తక్కిన రోగులు ఇబ్బంది పడుచున్నారన్నారు. మూడవ చోట నోరు తెరిపించకుండగనే పెద్ద ఆసుపత్రికి చీటి వ్రాసి ఇచ్చినారు. ఆ చీటి మీద తేదీ దొరుకుటకు నెలలు పట్టినది. మొదట రెండు పళ్ళు నింపితే సరిపోయెడిది. చివరకు మత్తు ఇచ్చి ఆరు పళ్ళు తీయవలసి వచ్చినది.

ఆ ముగ్గురు వైద్యులు దుర్మార్గులు కారు. ఇతర రోగులను బాగుగానే చూచేవారు. ఒక వైద్యుడు తనకు సమయము లేదంటాడు, ఇంకొకడు సామగ్రి లేదంటాడు, వేరొకడు ఏమైనా అయితే నామీదికి వస్తుందంటాడు. అవి కొంతవరకు నిజమే. కాని వాటి అడుగున ఉన్నది భయము. చదువుకొన్న రోజులలో ఒక్కసారియైనను అట్టి రోగి నోటిలో అద్దము పెట్టి చూడనివాడు, క్లినిక్కు తెరిచిన తరువాత ధైర్యముగా చూస్తాడని మనము ఎట్లు ఆశించగలము? చూడనివానికి భయము. భయపడినవాడు పంపివేస్తాడు. పంపివేసినవాడు ఎన్నటికిని నేర్చుకొనడు. ఈ చక్రము కళాశాలలో మొదలగుచున్నది గనుక అక్కడనే దానిని ఆపవలెను.

అమెరికా నేర్చుకొన్న పాఠము

ఈ సంగతిలో అమెరికా దేశపు చరిత్ర మనకు ఉపయోగపడుతుంది. వారు అన్నీ బాగుగా చేసినారని నేను చెప్పుట లేదు. ఎక్కడ తప్పిపోయినారో, ఎక్కడ సరిచేసుకొన్నారో స్పష్టముగా కనిపించుచున్నది గనుక చెబుతున్నాను.

1974లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ అను ధర్మసంస్థ 11 దంత వైద్య కళాశాలలకు ధనసహాయము చేసినది. వికలాంగులకు చికిత్స చేయుట విద్యార్థులకు నేర్పుటయే ఆ సహాయపు ఉద్దేశము. పని మంచిదే. కాని సొమ్ము ఆగిన తరువాత ఆ బోధన దేశమంతట వేరు పారలేదు. పాతికేండ్ల తరువాత, 1999లో వెలువడిన ఒక సర్వేలో, సగమునకు పైగా కళాశాలలలో ఈ విషయము మీద తరగతి బోధన 5 గంటలకంటె తక్కువ అని తేలినది. 2004లో ప్రచురించిన మరియొక పరిశీలనలో, సుమారు సగము మంది విద్యార్థులు బుద్ధిమాంద్యము గల రోగులకు క్లినిక్కులో చికిత్స చేసే శిక్షణ ఏమియు తమకు లేదని చెప్పినారు.

ఆ 2004 సంవత్సరములోనే అక్కడ దంత వైద్య కళాశాలలకు గుర్తింపు ఇచ్చే కమిషన్ ఒక క్రొత్త నియమము చేసినది. పట్టా పుచ్చుకొనే ప్రతి విద్యార్థి ప్రత్యేక అవసరములు గల రోగుల చికిత్సావసరములను అంచనా వేయగలిగి ఉండవలెనన్నది ఆ నియమము. అది 2006లో అమలులోనికి వచ్చినది. మీరు ఆ మాటను గమనించవలెను: అంచనా వేయుట. చికిత్స చేయుట అని అందులో లేదు. కొన్ని కళాశాలలలో విద్యార్థి రోగిని చూచి, కాగితము మీద వ్రాసి, వేరొకచోటికి పంపినను నియమము నెరవేరినట్లే అయినది. రోగి మాత్రము మరల వీధిలోనే ఉన్నాడు. తల్లిదండ్రులు, వైద్యులు, వికలాంగుల సంఘములు ఏండ్ల తరబడి అడుగగా 2019లో ఆ నియమమును మార్చినారు. అంచనా వేయుటయే గాక చికిత్సను నిర్వహించుట కూడా రావలెనని చేర్చినారు. 2020 జూలై నుండి అది అమలులో ఉన్నది. ఒక్క క్రియాపదము చేర్చుటకు ఇన్ని ఏండ్లు పట్టినది. అయినను ఆ పదము చేరిన తరువాత కళాశాల తప్పించుకొనుటకు వీలు లేదు. రోగులను లోపలికి రానిచ్చి, విద్యార్థుల చేతికి అప్పగించి, ప్రక్కన నిలిచి నేర్పవలసినదే.

2018లో అమెరికన్ దంత వైద్య సంఘము తన నీతి నియమావళిని సవరించి, వైకల్యము ఉన్నదను కారణముతో రోగిని నిరాకరింపరాదని వ్రాసినది. 2019లో న్యూయార్క్ విశ్వవిద్యాలయపు దంత కళాశాల వికలాంగుల కొరకు ఒక ప్రత్యేక కేంద్రము తెరిచినది. రోగి తన చక్రాల కుర్చీలో నుండి దిగకుండగనే కుర్చీతో సహా వెనుకకు వంచే వేదిక అక్కడ ఉన్నది. విద్యార్థులు వంతులవారీగా అక్కడ పని చేస్తారు. ఇంగ్లండులో దారి వేరు. అక్కడ 2008లో ఈ సేవను ఒక ప్రత్యేక శాఖగా గుర్తించి నిపుణుల పట్టిక తెరిచినారు. నా దృష్టిలో రెండును కావలెను. కష్టమైన రోగికి నిపుణుడు కావలెను. అయితే నిపుణుడు ఊరూర ఉండడు గనుక సామాన్య వైద్యుడు సిద్ధముగా ఉండవలెను.

సిద్ధపాటు అనగా ఏమి?

విద్యార్థికి నేర్పవలసినవి నాలుగు ఉన్నవని నేను తలుస్తాను.

మొదటిది, అడుగుట. పన్ను చూడకముందే మనిషి సంగతి అడుగవలెను. ఏ మందులు వాడుచున్నారు? గుండె కవాటము మార్చినారా? కృత్రిమ కవాటము ఉన్నవారికి పన్ను తీయుటకు ముందు ఆంటీబయాటిక్ ఇవ్వవలసి ఉంటుంది. 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సవరించిన సూచనల ప్రకారము గుండె జబ్బు ఉన్న ప్రతివారికి అది అవసరము లేదు, మిక్కిలి ప్రమాదము ఉన్న కొన్ని తరగతులవారికే అవసరము. ఈ భేదము తెలిసి ఉండవలెను. హీమోఫిలియా ఉన్న బాలునికి క్రింది దవడ వెనుక సూది గుచ్చితే లోపల రక్తము చేరి గొంతు మూసుకొనిపోవచ్చును గనుక ముందుగా గడ్డకట్టించే ఫాక్టర్ ఎక్కించవలెను. మెడకు రేడియేషన్ పెట్టేముందే పాడైన పళ్ళు తీసివేయవలెను. తరువాత తీస్తే దవడ ఎముక మానకపోవచ్చును. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో కొందరికి మెడపూసలు వదులుగా ఉంటవి. తలను గట్టిగా వెనుకకు వంచరాదు. ఇవన్నియు పుస్తకములలో ఉన్నవే. సమయమునకు గుర్తుకు రావలెనంటే ఆ రోగి ఎదుట ఉండగా నేర్చుకొనవలెను.

రెండవది, మాటలాడుట. వైద్యుడు తల్లితోనే మాట్లాడి, బిడ్డ అక్కడ లేనట్లు ప్రవర్తించుట మనలో మామూలు. మొదటి పలకరింపు రోగికే చెందవలెను, అతనికి తెలిసినా తెలియకున్నా. చెప్పుట, చూపుట, చేయుట అను మూడు మెట్ల పద్ధతిని 1959లో అడెల్‌స్టన్ అను అమెరికా దంత వైద్యుడు పిల్లల కొరకు వివరించినాడు. ఏమి చేయబోవుచున్నామో చెప్పవలెను. వస్తువును చూపి, వ్రేలిమీద త్రిప్పి చూపవలెను. ఆ తరువాతనే నోటిలో పెట్టవలెను. ఆటిజమ్ ఉన్న బిడ్డకు ఈ పద్ధతిని ఇంకను నిదానముగా నడిపించవలెను. మొదటి దినము గది చూచి వెళ్ళిపోతాడు. రెండవ దినము కుర్చీ ఎక్కుతాడు. మూడవ దినము అద్దము. ప్రతిసారి అదే మనిషి, అదే గది, అదే వేళ. కండ్లలో పడే దీపము, మిషను రొద, మందుల వాసన అతనికి మనకంటె పదింతలు బాధగా ఉండవచ్చును. చూపు లేనివారిని తాకేముందు చెప్పవలెను. వినికిడి లేనివారితో మాట్లాడేటప్పుడు మూతి గుడ్డ తీసి పెదవులు కనబడనీయవలెను, లేక కాగితము మీద వ్రాయవలెను.

మూడవది, చేయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న రోగిని పూర్తిగా వెల్లకిల పరుండబెడితే నీరు గొంతులో పడుతుంది. కొంచెము ఎత్తుగా కూర్చుండబెట్టి, మోకాళ్ళ క్రింద దిండు పెట్టి, తలను మెత్తగా పట్టుకొనవలెను. ఆకస్మిక శబ్దము చేయరాదు. నోరు మూసుకొనిపోకుండా రబ్బరు ముక్క పెట్టుట, చక్రాల కుర్చీ నుండి మనిషిని ఇద్దరు కలిసి మార్చుట, రెండు సంవత్సరముల బిడ్డను తల్లి ఒడిలోను వైద్యుని ఒడిలోను పరుండబెట్టి మోకాళ్ళు ఆనించుకొని చూచుట ఒక మధ్యాహ్నములో నేర్పదగిన పనులే. డ్రిల్లు మిషను లేకుండా చేతి పనిముట్లతో పుచ్చు తీసి నింపే పద్ధతి 1980లలో టాంజానియాలో మొదలై ప్రపంచమంతట వ్యాపించినది. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అను ద్రవమును పుచ్చు మీద పూస్తే అది ముదరకుండా ఆగుతుంది. సూది లేదు, రొద లేదు. పుచ్చిన భాగము నల్లబడుతుంది, అంతే. జపానులో ఎన్నో ఏండ్లుగా వాడుకలో ఉన్న ఆ మందును 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల పట్టికలో చేర్చినది. కుర్చీలో రెండు నిమిషములకంటె ఎక్కువ కూర్చోలేని బిడ్డకు ఇట్టివి ఎంత మేలో చెప్పనక్కరలేదు.

నాలుగవది, హద్దు తెలియుట. కొందరికి పూర్తి మత్తు ఇచ్చి ఆసుపత్రిలోనే చేయవలెను. అందులో సందేహము లేదు. కాని మత్తు మొదటి మెట్టు కారాదు. నలుగురు కలిసి చేతులు కాళ్ళు అదిమిపట్టి చేయుట అంతకంటె కారాదు. ఒక పన్ను కొరకు అట్లు చేస్తే ఆ బిడ్డ జీవితమంతా తెల్ల కోటును చూచి పారిపోతాడు. పంపవలసి వచ్చినను తలుపు మూసి పంపరాదు. ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు, ఏ తేదీ అని ముందుగా మాట్లాడి పంపవలెను. చికిత్స అయిన తరువాత ఆ రోగి మరల తన వద్దకే రావలెను.

ఈ నాలుగును ఉపన్యాసముతో వచ్చేవి కావు. విద్యార్థి మొదట చూడవలెను, తరువాత చేయి అందించవలెను, ఆ తరువాత ప్రక్కన గురువు నిలిచి ఉండగా తానే చేయవలెను. తల్లిదండ్రులను తరగతికి పిలిచి వారి చేత పాఠము చెప్పించవలెను. తన బిడ్డ ఎప్పుడు నోరు తెరుస్తాడో, ఏ పాటకు నెమ్మదిస్తాడో ఆ తల్లికి తెలిసినట్లు ఏ ప్రొఫెసరుకు తెలుస్తుంది?

మన ప్రాంతపు స్థితి

మనకు కళాశాలలకు కొదువ లేదు. హైదరాబాదులో ప్రభుత్వ దంత వైద్య కళాశాల 1959లో వెలసినది. తరువాత రెండు రాష్ట్రములలోను ప్రభుత్వ, ప్రైవేటు కళాశాలలు అనేకము వచ్చినవి. బుద్ధిమాంద్యము గల పిల్లల సేవలో కూడా మన ప్రాంతమునకు పేరున్నది. ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ హైదరాబాదులో 1968 నుండి పని చేస్తున్నది. 1984లో సికింద్రాబాదులో కేంద్ర ప్రభుత్వము స్థాపించిన జాతీయ సంస్థ ఇప్పుడు జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థగా పిలువబడుచున్నది. పళ్ళు నేర్పేవారు ఒక వైపు, ఈ పిల్లలను ఎరిగినవారు మరియొక వైపు, ఒకే నగరములో ఉన్నారు. వారిద్దరి మధ్య రాకపోకలు ప్రతి విద్యార్థి చదువులో తప్పనిసరి భాగము కావలెను.

బి.డి.ఎస్. పాఠ్య ప్రణాళికలో ఈ విషయము లేకపోలేదు. పిల్లల దంత వైద్య శాఖలో అది ఒక అధ్యాయముగా ఉన్నది. అక్కడనే ఒక చిక్కు ఉన్నది. పిల్లవాడు పెద్దవాడగును. అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయము సుమారు 25 ఏండ్లు. ఇప్పుడు సుమారు 60. ఇక్కడ కూడా నలుబది ఏండ్లు దాటినవారిని మనము చూచుచున్నాము. నలుబది ఏండ్ల మనిషిని పిల్లల శాఖ తన రోగి కాదంటుంది. పెద్దల శాఖ తనకు నేర్పలేదంటుంది. అతనికి ముసలితనమున తోడుగా ఉన్న తల్లికి డెబ్బది ఏండ్లు. ఆమె ఎవరిని అడుగవలెను?

చట్టము మాత్రము మనవైపే ఉన్నది. 2016 చట్టపు 25వ సెక్షను ప్రకారము ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల అన్ని భాగములలోనికి వికలాంగులు ఆటంకము లేకుండా వెళ్ళగలుగునట్లు ప్రభుత్వము చూడవలెను. చూచుటలోను, చికిత్సలోను వారికి ముందు వంతు ఇవ్వవలెను. 47వ సెక్షను డాక్టర్ల, నర్సుల, ఇతర వృత్తులవారి చదువులన్నిటిలో వైకల్యమును ఒక భాగముగా చేర్చుమంటున్నది. దంత వైద్య విద్యకు సంబంధించి 1948 నాటి చట్టము స్థానములో 2023లో జాతీయ దంత వైద్య కమిషన్ చట్టము వచ్చినది. పాత ఇంటిని కూల్చి క్రొత్త ఇల్లు కట్టేటప్పుడే తలుపులు ఎంత వెడల్పు ఉండవలెనో చెప్పవలెను. చక్రాల కుర్చీ పట్టునంత వెడల్పు ఉండవలెనని అడుగుటకు ఇదే సమయము. అంచనా వేయుట అను దగ్గర ఆగిపోకుండ, చికిత్స చేయుట అను మాట మొదటనే వ్రాయించుకొంటే అమెరికావారు పోగొట్టుకొన్న కాలము మనము పోగొట్టుకొనము.

సంఘము చేయదగినది

ఇది డాక్టర్ల పని, మాకేమి సంబంధమని మీరు అనవచ్చును. సంబంధము ఉన్నది. దంత వైద్యుని సిద్ధపరచేది కళాశాల మాత్రమే కాదు, అతని ఎదుటికి వచ్చే రోగి కూడా. రోగి ఇంటిలో దాగి ఉంటే వైద్యుడు ఎన్నటికిని నేర్చుకొనడు. కనుక మొదటి మనవి: బిడ్డను దాచవద్దు. మొదటి పన్ను వచ్చినది మొదలు మొదటి పుట్టినదినము లోపల ఒకసారి పళ్ళ డాక్టరుకు చూపించండి. నొప్పి లేని దినమున చూచిన కుర్చీకి బిడ్డ అంత భయపడడు.

రెండవ మనవి, ఇంటి సంగతి. బిడ్డ వెనుక నిలిచి, తలను మీ ఛాతీకి ఆనించుకొని తోమండి. పట్టు లేని చేతికి బ్రష్ కాడను రబ్బరు బంతిలో గ్రుచ్చి ఇవ్వండి, లేక గుడ్డ చుట్టి లావు చేయండి. ఫ్లోరైడు ఉన్న పేస్టు మూడేండ్ల లోపువారికి బియ్యపు గింజంత, ఆరేండ్ల లోపువారికి బఠాణీ గింజంత చాలును. సిరప్ మందు తాగించిన తరువాత నీళ్ళు తాగించండి. మంచము మీద ఉన్న పెద్దలకు రాత్రి కట్టుడు పళ్ళు తీసి కడిగి, నోరు తడిగుడ్డతో తుడవండి.

మూడవ మనవి, మన ఆసుపత్రులను, ప్రత్యేక పాఠశాలలను నడిపించే పెద్దలకు. దగ్గరలోని దంత కళాశాలకు ఒక ఉత్తరము వ్రాయండి. నెలకు ఒక ఉదయము విద్యార్థులను మీ బడికి పంపుమని కోరండి. పిల్లలకు వైద్యము దొరుకుతుంది, విద్యార్థులకు భయము పోతుంది. అమెరికాలో పెర్ల్‌మన్ అను దంత వైద్యుడు 1993లో స్పెషల్ ఒలింపిక్స్ క్రీడాకారుల కొరకు ఆరంభించిన ఉచిత దంత పరీక్ష ఇట్టి చిన్న పనిగానే మొదలైనది. నేడు అది అనేక దేశములలో జరుగుచున్నది.

నాలుగవది, సంఘములోని దంత వైద్యులకు. మెట్ల ప్రక్కన ఒక వాలు దారి కట్టించండి. ఉదయము మొదటి వేళను ఈ రోగులకు ఉంచండి. అప్పుడు హాలులో జనము ఉండరు, మీకు అలసట ఉండదు, బిడ్డకు కాచుకొనే పని ఉండదు. ఇందుకు పెద్ద ఖర్చు లేదు.

ఐదవది, కుటుంబములకు. ఆటిజమ్, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములు గలవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము క్రింద నిరామయ అను ఆరోగ్య బీమా ఉన్నది. లక్ష రూపాయల వరకు వర్తించే ఆ పథకములో దంత వైద్యమునకు కూడా చోటున్నది. చదువుకొన్న యౌవనస్థులు తమ సంఘములోని కుటుంబములకు ఆ ఫారములు నింపి పెట్టండి.

చివరగా, దంత వైద్యము చదువుచున్న మన పిల్లలతో ఒక మాట. మీరు పట్టా తీసుకొనేలోగా నిశ్చలముగా కూర్చుని నోరు తెరిచే రోగులను వందలమందిని చూస్తారు. వారి వలన మీ చేతికి పనితనము వస్తుంది. కూర్చోలేనివానిని, తెరువలేనివానిని, చెప్పలేనివానిని కూడా చూపించుమని మీ గురువులను అడగండి. ఒక్కసారి కాదు, మరల మరల అడగండి. రేపు మీ ఊరిలో మీరు బోర్డు కట్టినప్పుడు ఒక తల్లి వచ్చి, "మా వాడు కూర్చోడు డాక్టరుగారూ" అంటుంది. "పరవాలేదమ్మా, నిలబడే చూద్దాము, లోపలికి రండి" అని మీరు అనగలిగితే మీ చదువు సంపూర్ణమైనట్లే.